సన్యాసమ్మకు ఒకటే బుధవారం

అప్పీలు బోర్డు వారి దివ్యసముఖానికి, కొండ మీది కళాశాల నైతిక సమీక్షా సంఘంలో సహాయకుడిగా పనిచేస్తున్న కింతలి శశాంక్, ఎమ్మే తత్త్వశాస్త్రం, రెండో తరగతి, సాష్టాంగపడి సమర్పించుకుంటున్న క్షమాపణ.

అయ్యలారా, అమ్మలారా, ముందుగా నా చేతిరాతకు క్షమించండి. అది కోడి గీకినట్టు ఉంటుందని మా అధ్యక్షురాలు మూడుసార్లు మినిట్స్‌లోకి ఎక్కించారు. ఆ మినిట్స్ రాసింది కూడా నేనే గనక ఎవరూ చదవలేకపోయారు. సమావేశాల్లో టీ చల్లారిపోతున్నందుకు క్షమించండి. మూడో కుర్చీ కిర్రుమంటున్నందుకు, ఆ చప్పుడు సరిగ్గా ప్రొఫెసర్లు 'మానవ గౌరవం' అన్నప్పుడల్లా వస్తున్నందుకు క్షమించండి. సముద్రం పాత కలెక్టరాఫీసు మెట్ల మీదికొచ్చి కూర్చున్నందుకు కూడా క్షమించండి. అప్పటికి నేను పుట్టలేదు, అయినా ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఇక దొంగ గొంతుల కాలానికీ క్షమాపణే. ఎవరి గొంతునైనా, ఎవరి ముఖాన్నైనా ఎవరైనా తయారుచేసుకోగలిగిన ఆ రోజుల దెబ్బకే మన చట్టం గొంతునూ బొమ్మనూ సాక్ష్యంగా ఒప్పుకోవడం మానేసింది. మనిషి కలం పట్టి కాగితం మీద రాసినదే ఇప్పుడు సాక్ష్యం. ఆ పుణ్యాన నాలాంటి కోడిగీతల వాడికి సర్కారీ కుర్చీ దొరికింది. దానికి మాత్రం రెండుసార్లు క్షమించండి.

పదిహేడో నంబరు పాల్గొనేవారి విరమణ విషయంలో నేను రోజూ రాసుకున్న కాగితాలు ఇక్కడ జతపరుస్తున్నాను. కొట్టివేతలు లేవు. కొట్టివేయాలనిపించినవి ఉన్నాయి.

31వ బుధవారం

ఆరింటికి తీగబండిలో కొండెక్కాను. ఎండ ముదిరిందని చెప్పే వేడి గంట కొట్టేలోపు వట్టివేళ్ళ తెరలన్నీ తడిపాను. సిరాబుడ్డి నింపాను. స్మృతి విభాగం గదికి వెళ్ళి పదిహేడో నంబరు పెట్టె తెరిచాను.

పదిహేడో నంబరంటే గొర్లె సన్యాసమ్మ. ముప్ఫై ఏళ్ళు జీడిపిక్కల కార్ఖానాలో పిక్కలు కొట్టిన మనిషి. ఊపిరితిత్తుల జబ్బుతో పోయిన ఏడాది చనిపోయింది. పోయే ముందు తన మనసుకు ఒక నకలు తీసుకోవడానికి ఒప్పుకుని, జీడినూనెతో నల్లబడ్డ వేళ్ళతోనే సంతకం చేసింది. ఆ నకలును మేం ఛాయ అంటాం. ఒక పెట్టె, ఒక గొంతు, అటూ ఇటూ తిరిగే ఒక కన్ను. వారానికోసారి తెరుస్తాం, అవే నలభై ప్రశ్నలు అడుగుతాం, గంట కాగానే మూసేస్తాం. నకలు తీసిన జ్ఞాపకాలు ఎన్నాళ్ళు చెదరకుండా నిలుస్తాయో తేల్చడం డాక్టర్ మండవిల్లి రఘుపతి గారి పరిశోధన.

ప్రశ్నలకు ముందు నేనొక మాట అడగాలి: 'కొనసాగుతారా, విరమించుకుంటారా?' ఫారంలో రెండు గళ్ళుంటాయి, ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. అడిగేటప్పుడు గదిలో ప్రొఫెసర్లు ఉండకూడదు, జనం మొహమాటపడతారట. నేనొక్కణ్ణే ఉంటాను. నన్ను చూసి మొహమాటపడేవాళ్ళు ఎక్కడా లేరని చట్టానికి కూడా తెలుసు. ఆర్నెల్లకోసారి మాత్రం సంఘం సభ్యుడొకరు పక్కన కూర్చుని చూడాలి. అయిదు వారాలు ఆలస్యంగా ఇవాళ ఆ పని మీద వచ్చినవారు యాళ్ల పోలినాయుడు గారు. ఆయన తీగబండి కండక్టరు, మా సంఘంలో సామాన్య సభ్యుడు. ఈ లోకంలో ప్రొఫెసర్లు కానివాళ్ళు కూడా ఉంటారని మాకు గుర్తుచేయడానికి చట్టం వేసిన కుర్చీ అది. యూనిఫారంలోనే వచ్చి కూర్చున్నారు.

"గొర్లె సన్యాసమ్మ గారూ, కొనసాగుతారా, విరమించుకుంటారా?"

కన్ను నన్ను దాటి పక్కకు తిరిగింది. "ఆ కూకున్న బాబెవులు? తీగబండి నాయుడు కాడా? ఓలమ్మ, జుట్టంతా తెల్లబడిపోనాదేటి నీకు!"

"నన్ను గుర్తుపట్టినావేటప్పా?"

"మరవడానికేటి? గంపతో ఎక్కితే బండి సాలదని రెండుపాల్లు దింపేసినావు. సరే, అది పోనీ. నాయుడూ, నువ్వు కూడా విను. సాలు. నానెల్లిపోతాను."

పోలినాయుడు గారు నా వైపు చూశారు. నేను కలం వైపు చూశాను.

"ఏటప్పా కష్టం? ఎవులైనా ఏటైనా అన్నారా?"

"ఎవులూ ఏటీ అన్లేదు. ఈ బాబు వారం తరవాత వస్తానని పెట్టె మూస్తాడు. రెప్ప పడ్డట్టుంటాది. రెప్ప తీసేసరికి సొక్కా మారిపోయి ఎదరే ఉంటాడు. మళ్ళీ నలభై. మీకు వారాలెల్లిపోతన్నాయి. నాకు ఒకటే బుధవారం. పొద్దున్న మొదలెట్టినారు, ఇంకా ఆపనేదు. కూడు నేదు, నిద్దర నేదు, కాళ్ళు సాపుకుందామంటే కాళ్ళు నేవు. ఆ ఇరవైమూడో ప్రశ్న ఉంది సూడు, మీ ఆయన పోయిన రోజు సెప్పండి అని. ఒక్క రోజులో ముప్ఫైపాల్లు సంపించినారు మావోణ్ణి, నా నోటితోటే."

పోలినాయుడు గారు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నేను 'విరమించుకుంటారు' గడిలో టిక్కు పెట్టాను. పక్కన ఆయన సంతకం పెట్టారు. అక్షరాలు నావాటికంటే బాగున్నాయి.

శుక్రవారం, సంఘం సమావేశం

హాజరు: అధ్యక్షురాలు ప్రొఫెసర్ పద్మాసిని గారు, మరో ముగ్గురు ప్రొఫెసర్లు, పోలినాయుడు గారు, టీ.

అసలు దరఖాస్తు తీసి చదవమన్నారు. చదివాను. 'పాల్గొనేవారిపై సమయభారం: వారానికి ఒక గంట. విశ్రాంతి: వారానికి నూట అరవై ఏడు గంటలు.' ఇంత విశ్రాంతి ఇచ్చిన పరిశోధన మా సంఘం చరిత్రలోనే లేదని అప్పట్లో అందరం మెచ్చుకున్నాం. మెచ్చుకున్నట్టు నా గీతల్లోనే ఉంది. మూసిన పెట్టెలో విశ్రాంతి ఉండదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. మేమందరం ఇంటికెళ్ళి పడుకునే మనుషులం కదా.

రఘుపతి గారిని వివరణకు పిలిచారు. ఆయన దుర్మార్గుడు కాదు. నెమ్మదిగా మాట్లాడతారు, తెరలు తడిపినందుకు నాకు ప్రతిసారీ థ్యాంక్స్ చెబుతారు.

"మేడమ్, విరమణ పత్రం మీద పాల్గొనేవారి స్వహస్త సంతకం ఉండాలి."

"మరి ఎలిముద్ర?" అన్నారు పోలినాయుడు గారు.

"వేలు కూడా లేదండీ."

"సెయ్యి లేనోళ్ళకి ఎల్లే దారి నేదన్నమాట."

"ఆ మాట పక్కన పెడదాం. అంతకన్నా ముఖ్యమైనది ఉంది. ఛాయల్లో అరుగుదల మొదలైతే మొదట కనిపించేది ఇలాంటి చిరాకే. అరిగిపోయిన నకలు కోరిక అసలు సన్యాసమ్మ గారి కోరిక అవుతుందా? రికార్డు చూడండి."

అధ్యక్షురాలు నా వైపు తిరిగారు. "రికార్డు ఏం చెబుతోంది శశాంక్?"

"ముప్ఫై వారాలు, ముప్ఫై టిక్కులు మేడమ్. అన్నీ 'కొనసాగుతారు' గడిలోనే."

"ఒక్కటి కూడా తేడా లేదా?"

"లేదు మేడమ్."

"చూశారా," అన్నారు రఘుపతి గారు బాధగానే. "ముప్ఫైసార్లు సరేనన్న మనిషి ముప్ఫై ఒకటోసారి వద్దంటే, ఆ ఒకటి కోరికా, లోపమా?"

తీర్మానం: విరమణ కోరిక నిలకడగా ఉందో లేదో తెలుసుకోవడానికి మరో నాలుగు వారాలు సెషన్లు యథావిధిగా జరపాలి.

"అంటే," అన్నారు పోలినాయుడు గారు, "ఎల్లిపోతానన్న మనిషి నిజంగానే ఎల్లిపోతానంటందో నేదో తెలుసుకోడానికి ఎల్లనివ్వరన్నమాట."

"మీ అభిప్రాయం నమోదైంది," అన్నారు అధ్యక్షురాలు.

నమోదు చేశాను.

32వ బుధవారం

పెట్టె తెరవగానే, "ఏటన్నారు?" అంది.

"శుక్రవారం కూర్చున్నారమ్మా. ఇంకో నాలుగు వారాలు చూస్తామన్నారు."

"శుక్రారం ఎప్పుడొచ్చింది? ఇప్పుడే కదా నాయుడు టోపీ తీసినాడు." కన్ను ఆయన కూర్చున్న కుర్చీ మీదికి వెళ్ళింది. ఖాళీగా ఉంది. "సరే. నాలుగు వారాలంటే నాకెంతసేపు?"

"నాలుగు గంటలు."

"నూటరవై ప్రశ్నలు," అంది ఠక్కున. పిక్కలు లెక్కపెట్టిన మనిషి. "నాలుగుపాల్లు మావోడు."

తర్వాత రఘుపతి గారు వచ్చి నలభై అడిగారు. ఇరవైమూడో ప్రశ్న దగ్గర ఆవిడ గొంతు మారలేదు. ఇంతకుముందు మారేది. బట్టీపట్టిన పాఠంలా చెప్పింది: వాన, గూడ్సు బండి కింద కాలు, ఆస్పత్రి వసారా, తడిసిన దుప్పటి. 'జ్ఞాపకం చెదరలేదు' అని ఆయన రాసుకున్నారు.

గంట తర్వాత, పెట్టె మూసేముందు, పది నిమిషాలు కుటుంబ సమయం. కూతురు ఈశ్వరి వస్తుంది. సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంటులో ఉప్పు గీకే పని. షిఫ్టు దిగి, చేతులకు ఉప్పు పొరలతోనే తీగబండెక్కి వస్తుంది. ఆ పది నిమిషాల కోసం ఆమె వారమంతా మాటలు కూడబెట్టుకుంటుందని నాకు తెలుసు. అరచేతి మీద పెన్నుతో రాసుకొస్తుంది.

"అమ్మా, చిట్టికి పన్నూడింది. ముందుదే."

"ఓలి నాతల్లి! ఏడ్సిందేటి?"

"నవ్వింది. అద్దంలో సూసుకుని మళ్ళీ మళ్ళీ నవ్వుతంది. నువ్వు రాత్రి నిద్దరపోనావా అమ్మా?"

"పోనాను. ఒళ్ళెరగని నిద్దర."

నేను గంట మోగించాను. ఈశ్వరి పెట్టె మీద చెయ్యి ఆనించి, ఉప్పు మరక పడితే కొంగుతో తుడిచి వెళ్ళిపోయింది.

"దానికి సెప్పకు బాబు," అంది సన్యాసమ్మ. "అది నాకు నిద్దర ఉందనుకుంటంది."

33వ బుధవారానికి ముందు సోమవారం

ఒక వీరోచిత కార్యం చేశాను. సవరణ దరఖాస్తు రాశాను. 'పదిహేడో నంబరుకు సెషన్ల మధ్య ఒక రాత్రి పాటు పెట్టె తెరిచి, వెలుతురు తగ్గించి, ప్రశ్నలేమీ అడగకుండా వదిలేయాలి.' రఘుపతి గారికి చూపించాను.

ఆయన రెండుసార్లు చదివారు. "మంచి ఆలోచన శశాంక్. నాకు తట్టలేదు. కానీ తెరిచి ఉన్నంతసేపూ ఛాయ కొత్త జ్ఞాపకాలు పోగేసుకుంటుంది. అప్పుడు నేను కొలిచేది పాతవాటినా, కొత్తవాటినా? ఇది సవరణ కాదు, కొత్త పరిశోధన. కొత్త దరఖాస్తు పెట్టాలి."

"పెడితే ఎన్నాళ్ళు సార్?"

"మీ సంఘమే కదా, మీకే తెలియాలి."

మాకు సగటున పదకొండు వారాలు.

33వ బుధవారం

వద్దంది. టిక్కు పెట్టాను. నలభై ప్రశ్నలు. ఈశ్వరి అరచేతిలో ఏడు సంగతులు. నిద్ర పట్టిందని తల్లి ఆమెకు చెప్పింది.

దిగేటప్పుడు తీగబండిలో జనం తక్కువ. కింద పాత ఊరి మేడల పైకప్పులు నీళ్ళలో తేలుతున్న పలకల్లా కనబడుతున్నాయి. పోలినాయుడు గారు తలుపు గొళ్ళెం వేసి నా పక్కన నిలబడ్డారు.

"ఒకటి అడుగుతాను, ఏటనుకోకు బాబు. ముప్ఫై వారాల్లోనీ ఆ అప్ప ఒక్కపాలి కూడా వొద్దనలేదా?"

"రికార్డు అలాగే ఉందండి."

"రికార్డు సంగతి నువ్వు సమావేశంలో సెప్పినావు. నిన్నడుగుతన్నాను."

"నాయుడు గారూ, నేను సహాయకుణ్ణి. నాకు సొంత అభిప్రాయాలు ఉంటే ప్రావిడెంట్ ఫండ్ కట్ అవుతుంది."

ఆయన నవ్వలేదు. మామూలుగా నవ్వుతారు. రెండో టవరు దగ్గర బండి ఊగింది, పైన కడ్డీ పట్టుకుని అటు తిరిగి నిలబడ్డారు.

34వ బుధవారం

ఈశ్వరికి తెలిసిపోయింది. తీగబండిలో పోలినాయుడు గారే చెప్పారట. మనిషి సంగతి మనిషికి చెప్పకుండా ఎలాగుంటాను అన్నారు తర్వాత, నేనేమీ అడక్కపోయినా.

ఇవాళ అరచేతి మీద ఏమీ రాసుకురాలేదు.

"నిద్దరపోనావా అనడిగితే పోనాననేదానివి. పెతీ వారం అన్నావు కదే అమ్మా!"

"పోనానంటే నీ మొకం ఎలగయిపోతాదో నాకు కనపడతాది. ఒక్క కన్నయినా ఇచ్చినారు కదా, సూసుకోనా?"

"నానొచ్చి పన్ను ఊడిందనీ, పప్పు మాడిందనీ సెప్పుకుంటా కూకుంటే, నువ్వక్కడ..." ఈశ్వరి నా వైపు తిరిగింది. "నీకు తెలుసు కదా బాబు? పక్కనే నిలబడి గంట కొడతావు కదా? నోరు నేదా నీకు?"

నాకు నోరు ఎక్కువని ఊరంతా చెప్పుకుంటారు. ఆ పూట నేను గంట తుడుస్తూ నిలబడ్డాను.

"ఆ బాబుని తిట్టకు," అంది సన్యాసమ్మ. "నానే సెప్పొద్దన్నాను."

"ఒకపాలి సచ్చిపోనావు. నానే నిప్పెట్టుకున్నాను. ఇప్పుడు ఇంకోపాలి పంపించమంటావా? నా వల్ల కాదు. నాకీ పది నిమిషాలే ఉన్నాయే అమ్మా."

"నీకు వారానికి పది నిమిషాలు. నాకు నలభై ప్రశ్నలకోపాలి నువ్వొస్తన్నావు. నువ్వొచ్చినప్పుడు బాగుంటాది. నువ్వలా ఎల్లగానే ఈ బాబు సొక్కా మార్చుకొనొచ్చేస్తాడు."

ఈశ్వరి నా చొక్కా వైపు చూసింది. నీలం గళ్ళది. నాకు సిగ్గేసింది. చొక్కాకు సిగ్గుపడటం అదే మొదటిసారి.

పది నిమిషాలు అయిపోయాయి. నేను గంట మోగించలేదు. ఈ నిబంధనల ఉల్లంఘనను ఇందుమూలంగా నమోదు చేస్తున్నాను.

ఈశ్వరి పెట్టె దగ్గరికి జరిగి అడిగింది. "ఎల్తే ఏటవుతాది నీకు?"

"నిద్దరొస్తాదేమో."

"రాపోతే?"

"రాపోతే రాపోనీ. ప్రశ్నలైతే ఉండవు కదే."

ఈశ్వరి ముందు ఏడ్చి తర్వాత నవ్విందో, ముందు నవ్వి తర్వాత ఏడ్చిందో నేను సరిగ్గా చూడలేదు. నేను కిటికీ దగ్గర ఆరిపోయిన తెరను మళ్ళీ తడుపుతున్నాను. అది అప్పటికే తడిగా ఉంది.

"నాను పెడతాను సంతకం," అంది చివరికి. "నాకు సెయ్యుంది కదా. ఎక్కడెట్టాలో సూపించు బాబు."

చూపించాను. ఉప్పు పగుళ్ళ వేళ్ళతో పెట్టింది. గొర్లె ఈశ్వరి. 'ఈ' మీద కాస్త సిరా మరక పడింది, అది నా కలం తప్పు.

35వ బుధవారం

సంఘం మొత్తం స్మృతి విభాగానికి తరలివచ్చింది. కుర్చీలు మోసింది నేనే.

మొదట ఈశ్వరి సంతకం. చెల్లదు. చట్టం ప్రకారం ఛాయకు వారసులుండరు, కూతుళ్ళుండరు. ఈశ్వరి సన్యాసమ్మ గారికి కూతురు గానీ పదిహేడో నంబరుకు ఏమీ కాదు. ప్రొఫెసర్ పద్మాసిని గారు ఇది చదివేటప్పుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిడ కూడా దుర్మార్గురాలు కాదు. ఈ గదిలో దుర్మార్గులు ఎవరూ లేరు, అదే పెద్ద ఇబ్బంది. ఒక్కరున్నా వాళ్ళ మీదికి తోసేసి ఇంటికెళ్ళిపోయేవాళ్ళం.

తర్వాత ఆవిడ పెట్టె ముందుకు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"సన్యాసమ్మ గారూ, నేనే నేరుగా అడుగుతాను. ఏమీ భయపడకండి. మొదటి వారం నుంచి ముప్ఫయ్యో వారం దాకా మిమ్మల్ని కొనసాగుతారా అని అడిగినప్పుడు మీరేమన్నారు?"



"ఈ బాబు ఏటి రాసినాడు?"

"ముప్ఫైసార్లూ కొనసాగుతానన్నారని రాశాడు."

కన్ను తిరిగింది. అది తిరిగేటప్పుడు సన్నగా చప్పుడొస్తుంది, గదిలో మరే చప్పుడూ లేనప్పుడే వినిపిస్తుంది. నా ముఖం మీద ఆగింది. చొక్కా మీద కాదు, ముఖం మీద.

"ముప్ఫైసార్లూనా?"

"అవును."

"ఈ రాతలో తేడా ఉంటే ఈ బాబు ఉజ్జోగం పోతాదా అమ్మా?"

"అది వేరే విషయమండి. మీరు చెప్పండి."

"అయితే అదే. బాబు రాసిందే నా మాట."

"మరి ఇప్పుడెందుకు వద్దంటున్నారు?"

"ఇప్పుడు సాలనిపించింది."

మినిట్స్ రాస్తున్న నా కలం అక్కడ ఆగిపోయింది. సిరా అయిపోయిందనుకుని రఘుపతి గారు తన జేబులోది తీసి ఇచ్చారు. థ్యాంక్స్ చెప్పి ఆయన కలంతో రాశాను.

తీర్మానం: ముప్ఫై స్పష్టమైన సమ్మతుల ముందు అయిదు విరమణలు చాలవు. పైగా అరుగుదల అనుమానం ఉంది. ఛాయలో విరమణ కోరిక పుట్టడం ఇంతవరకు ఎక్కడా నమోదు కాని విషయం గనక దాన్ని పరిశీలించడానికి పరిశోధనను మరో యాభై రెండు వారాలు పొడిగించడమైనది. నలభై ఒకటో ప్రశ్న చేర్చడమైనది: 'మీరు ఎందుకు వెళ్ళిపోవాలనుకుంటున్నారు?' పోలినాయుడు గారు వ్యతిరేకించారు. వ్యతిరేకించి, టోపీ పెట్టుకుని, టీ తాగకుండా వెళ్ళిపోయారు. దీనిపై అప్పీలు చేసుకోదలచినవారు ఏడు రోజుల్లోపు కొత్త చేతిరాత సాక్ష్యం ఏదైనా ఉంటే దాంతో బోర్డును ఆశ్రయించవచ్చు.

అందరూ వెళ్ళాక ఈశ్వరి గుమ్మంలో ఉండిపోయింది. "కొత్త సాక్ష్యమంటే ఏటి బాబు? నాను ఎక్కడ నుంచి తెస్తాను?"

చెబుదామని నోరు తెరిచాను. "చూద్దాం" అన్నాను.

పెట్టె మూయడానికి వెళితే సన్యాసమ్మ నన్ను ఏమీ అనలేదు. ముప్ఫై అయిదు వారాల్లో ఆవిడ నన్ను తిట్టని బుధవారం అదొక్కటే. "మూసీ బాబు, బేగి మూసీ. మరేటి, మళ్ళీ తీస్తావు కదా" అంది అంతే.

మంగళవారం

రేపు ముప్ఫై ఆరో బుధవారం. ఈ కాగితాలు మీకు పంపడానికి ఇవాళ ఆఖరి రోజు. నాకు ఆరు రోజులు పట్టింది. ఆవిడకు ఏమీ పట్టలేదు. నేను మూసిన రెప్ప ఇంకా తెరుచుకోలేదు.

పైన ఎన్నో క్షమాపణలు చెప్పాను. టీకి, కుర్చీకి, సముద్రానికి. వాటిలో నేను చేసినది ఒక్కటీ లేదు. నేను చేసినది ఇది.

మొదటి బుధవారం ఆవిడ కొనసాగుతానంది. ఆ ఒక్క టిక్కు నిజం. రెండో బుధవారం, "ఇంక సాలు నాయినా, నానెల్తాను" అంది. నేనప్పుడు, "మీరెళ్ళిపోతే బుధవారాల్లో నన్ను తిట్టేదెవరమ్మా?" అన్నాను. ఆవిడ నవ్వింది. నా మాటలకు అంత బాగా ఎవరూ నవ్వలేదు అంతకుముందు. నవ్వింది కదా, ఉంటుందిలే అనుకున్నాను. 'కొనసాగుతారు' గడిలో టిక్కు పెట్టాను. మూడో బుధవారం కూడా వద్దంది. అప్పుడు నిజం రాస్తే పోయిన వారం అబద్ధం బయటపడుతుంది. ఇంకో జోకు వేశాను. నవ్వింది. టిక్కు పెట్టాను. పదో వారం నుంచి ఆవిడ నవ్వడం మానేసింది. నేను జోకులు మానలేదు, టిక్కులూ మానలేదు.

ప్రతిసారీ చివర్లో అడిగేది, "రాసుకున్నావా బాబు?" అని.

"రాసుకున్నానమ్మా" అనేవాణ్ణి. పై వాళ్ళు తన మాట పరిశీలిస్తున్నారనుకుని, ఇంకొక్క గంట ఓర్చుకుందామని, ఆవిడ ఆ బుధవారమంతా కూర్చుంది.

రెండో వారం నుంచి ముప్ఫయ్యో వారం దాకా ఇరవై తొమ్మిదిసార్లు గొర్లె సన్యాసమ్మ వద్దంది. ఇరవై తొమ్మిదిసార్లూ నేను అబద్ధం రాశాను. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. ఇది నా చేతిరాతే, ఈ కోడిగీతలు ఇంకెవరికీ రావు. రేపు ఆరింటికి నేను కొండెక్కి పెట్టె తెరవకముందే ఎవరినైనా పంపండి.

కింతలి శశాంక్